స్కిజోఫ్రీనియా: ఆలోచనా వలయాల అన్వేషణ

స్కిజోఫ్రీనియా అనే మాట విన్నంతనే చాలామందికి స్ఫురించేవి రెండు విషయాలు. ఎవరూ లేనిచోట మాటలు వినిపించటం ఒకటి. ఎవరో తనకు కీడు తలపెట్టినారని రోగి గట్టిగా నమ్మటం రెండవది. ఈ రెండూ వ్యాధిలో ఉన్న మాట నిజమే. కాని రోగి జీవితాన్ని ఎక్కువకాలం బాధించే మూడవ విషయం ఒకటి ఉన్నది. వాక్యం చివరకు వచ్చేసరికి దాని మొదలు మనస్సులోనుంచి జారిపోతుంది. అంగడిలో కొనవలసిన నాలుగు వస్తువులలో రెండు గుర్తుండవు. ఒక పని చేస్తూ మధ్యలో పద్ధతి మార్చవలసి వస్తే మనస్సు మారదు. నలుగురు కలిసి మాట్లాడుకొంటూ ఉంటే ఆ సంభాషణ వెంట పోవటం కష్టమవుతుంది. వినిపించే మాటలు మందుతో తగ్గిన తరువాత కూడ ఈ లోపం నిలిచి ఉంటుంది. రోగి తిరిగి కళాశాలకు పోగలడా, ఉద్యోగం నిలుపుకోగలడా, సంసారం నడుపుకోగలడా అన్నది చాలవరకు దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

విచిత్రమేమంటే, ఈ వ్యాధికి మొదటిసారి పేరు పెట్టిన వైద్యులు ముఖ్యమని చెప్పినది ఈ లోపాన్నే. చికిత్స అందక చివరకు మిగిలిపోయినది కూడ ఇదే. ఈ రెంటి మధ్య గడచిన నూటముప్పది ఏండ్ల కథ తెలుసుకోదగినది. ఎందుకంటే ఇది అరుదైన వ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారం ప్రతి 300 మందిలో సుమారు ఒకరికి, అనగా లోకం మొత్తంమీద 2 కోట్ల 40 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నది. ఇది సాధారణంగా బయటపడేది పదిహేను, ముప్పది ఏండ్ల మధ్య. అదే చదువుల కాలం.

క్రేపెలిన్ చూచినది

జర్మనీ దేశపు వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ వైద్యంతోపాటు మనశ్శాస్త్రం కూడ అభ్యసించినవాడు. 1879లో లైప్జిగు నగరంలో మొట్టమొదటి మనశ్శాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పిన విల్‌హెల్మ్ వుంట్ ఆయనకు గురువు. మనస్సు చేసే పనిని కూడ గడియారం పెట్టి కొలవవచ్చునని శిష్యుడు అక్కడ నేర్చుకొన్నాడు. తరువాత ఆసుపత్రులలో వందల రోగులను ఏండ్ల తరబడి గమనించి, యౌవనంలో మొదలై ఆలోచనాశక్తిని క్రమంగా క్షీణింపజేసే ఒక వ్యాధిని విడదీసి చూపినాడు. 1893లో వెలువడిన తన పాఠ్యగ్రంథపు నాలుగవ ముద్రణలో దానికి 'డిమెన్షియా ప్రీకాక్స్' అని పేరు పెట్టినాడు. అకాలంలో వచ్చే బుద్ధిమాంద్యమని దాని అర్థం. మాటలు వినిపించటాన్ని ఆయన వర్ణించకపోలేదు. కాని ఆయన దృష్టిలో వ్యాధికి మూలం ఏకాగ్రత, సంకల్పం, ఆలోచనల పొందిక అనేవి సడలిపోవటమే. మెదడు ముందుభాగమైన లలాట ఖండంలో లోపం ఉండవచ్చునని కూడ ఆయన ఊహించినాడు.

స్విట్జర్లాండు వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 1908లో ఆ పేరును మార్చినాడు. ఈ వ్యాధి ఎల్లప్పుడు యౌవనంలోనే రాదు, అందరిలోను బుద్ధి పూర్తిగా క్షీణించదు కాబట్టి పాత పేరు తగదని ఆయన వాదించి, 'స్కిజోఫ్రీనియా' అనే పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో దీనికి చీలిన మనస్సు అని అర్థం. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటమని కొందరు దీనికి చెప్పుకొనే అర్థం పొరపాటు. ఒక తలపును మరొక తలపుతో కలిపే పొందిక చీలిపోతుందని బ్లాయిలర్ ఉద్దేశం. మాటలు వినిపించటం మొదలైనవి దాని వెంట వచ్చే లక్షణాలు మాత్రమేనని ఆయన చెప్పినాడు.

అప్పటికి మెదడు పనిచేసే తీరును బ్రతికి ఉన్న మనిషిలో చూచే సాధనం ఏదీ లేదు. తరువాతి తరాల వైద్యులు వ్యాధిని నిర్ణయించటానికి తేలికగా అడిగి తెలుసుకోగల లక్షణాలపై, అనగా వినిపించే మాటలపైన, విపరీతమైన నమ్మకాలపైన ఎక్కువగా ఆధారపడినారు. ఆలోచనలోని లోపం వెనుకకు జరిగినది.

రెండు గిన్నెల పరీక్ష

ఇంతలో మెదడు ముందుభాగం చేసే పనిని గురించి అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయంలో ఒక ముఖ్యమైన విషయం తెలిసినది. 1930ల మధ్యకాలంలో కార్లైల్ జాకబ్‌సెన్ కోతులకు, చింపాంజీలకు ఒక సులభమైన పరీక్ష పెట్టినాడు. జంతువు చూస్తుండగా రెండు గిన్నెలలో ఒకదాని క్రింద తిండిపదార్థం పెడతారు. నడుమ ఒక తెర దించుతారు. కొన్ని సెకండ్ల తరువాత తెర ఎత్తి, ఏ గిన్నె క్రింద ఉన్నదో వెదకుకోమంటారు. ఆరోగ్యంగా ఉన్న కోతికి ఇది కష్టం కాదు. లలాట ఖండపు ముందుభాగాలను రెండు ప్రక్కల తీసివేసిన కోతి మాత్రం తెర పడగానే ఆ సంగతి మరచిపోయేది. దానికి చూపు ఉన్నది, ఆకలి ఉన్నది, చేతులలో బలం ఉన్నది; లేనిదల్లా కంటికి కనపడని సంగతిని కాసేపు మనస్సులో నిలుపుకొనే శక్తి.

ఈ శక్తినే నేడు 'పనిజ్ఞాపకం' అనవచ్చును. నోటిలెక్క చేసేటప్పుడు చేతిలో మిగిలిన అంకెను, ఉపాధ్యాయుడు పాఠం చెబుతుండగా క్రిందటి వాక్యాన్ని పట్టి ఉంచేది ఇదే. ఇది పలక వంటిది. వ్రాసి, వాడుకొని, చెరిపివేస్తాము.

జాకబ్‌సెన్ ఫలితాల నుంచి ఆనాడు నేర్చుకోవలసిన పాఠం లలాట ఖండం అమూల్యమైనదని. కాని కొందరు నేర్చుకొన్నది వేరు. శస్త్రచికిత్స తరువాత ఒక చింపాంజీ తప్పు చేసినప్పుడు పూర్వంవలె కోపగించుకోకుండా శాంతంగా ఉన్నదనే విషయం 1935లో లండనులో జరిగిన నాడీశాస్త్రజ్ఞుల సభలో ప్రస్తావనకు వచ్చినది. పోర్చుగలు వైద్యుడు ఎగాస్ మోనిజ్ ఆ సభకు వచ్చినవారిలో ఒకడు. ఆ సంవత్సరం నవంబరులోనే లిస్బను నగరంలో ఆయన పర్యవేక్షణ క్రింద మనోరోగులకు లలాట ఖండపు నాడీతంతువులను తెగగొట్టే శస్త్రచికిత్స మొదలైనది. అమెరికాలోను ఐరోపాలోను వేలమందికి దీనిని చేసినారు. 1949లో మోనిజుకు నోబెలు బహుమానం కూడ లభించినది. రోగులు శాంతించినారన్నది చాలమంది విషయంలో నిజమే. కాని ఆలోచించే పలకే దెబ్బతిన్న తరువాత వచ్చిన శాంతి అది. స్కిజోఫ్రీనియాలో అసలే సడలి ఉన్న వలయాన్ని వైద్యమే తెంపివేసినది. అరకొర జ్ఞానంతో తొందరపడితే ఎంత హాని జరుగుతుందో వైద్యచరిత్రలో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణలు కొద్దిగానే ఉన్నవి.

సర్పగంధి ఇచ్చిన సాక్ష్యం

శస్త్రం వెనుకకు తగ్గటానికి కారణం మందులు రావటం. ఇందులో భారతదేశపు పాత్ర గణనీయమైనది. సర్పగంధి వేరును మన దేశంలో ఉన్మాదానికి, నిద్రలేమికి పూర్వంనుంచి వాడుతున్నారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు ఈ వేరు ఉన్మాదంలోను రక్తపుపోటులోను పనిచేస్తున్నదని వైద్యపత్రికలో ప్రకటించినారు. 1952లో స్విట్జర్లాండులో దాని సారభూతమైన రిసర్పిన్‌ను వేరుచేసినారు. 1954లో నేథన్ క్లైన్ అమెరికాలో దానిని మనోరోగులపై ప్రయోగించి ఫలితాలు ప్రకటించినాడు. ఇదే సమయంలో ఫ్రాన్సులో తయారైన క్లోర్‌ప్రోమజిన్ అనే మందును 1952లో డిలే, డెనికర్ అనే వైద్యులు వాడుకలోకి తెచ్చినారు.

రిసర్పిన్ మందుగా ఎక్కువకాలం నిలువలేదు. దాని దుష్ఫలితాల వలన ఇతర మందులు దాని స్థానాన్ని ఆక్రమించినవి. కాని అది ఒక గొప్ప రహస్యాన్ని విప్పినది. 1957లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇవ్వగా అవి కదలకుండ కూలబడినవి. తరువాత ఎల్-డోపా అనే పదార్థాన్ని ఎక్కించగా కొద్దిసేపటిలోనే లేచి తిరిగినవి. ఎల్-డోపా శరీరంలో డోపమీన్‌గా మారుతుంది. అంతవరకు డోపమీన్ మరొక రసాయనం తయారీలో మధ్యదశ మాత్రమేనని తలచేవారు. అది మెదడులో ఒక నాడీకణం నుంచి మరొకదానికి వార్త మోసే నాడీప్రసారకమని ఆ ప్రయోగాలతో తేలినది. 1963లో కార్ల్‌సన్, లిండ్‌క్విస్ట్ కలిసి క్లోర్‌ప్రోమజిన్ వంటి మందులు డోపమీన్ మొదలైన ప్రసారకాల వార్తను అందుకొనే గ్రాహకాలను అడ్డగిస్తున్నవని సూచించినారు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెలు బహుమానం లభించినది.

1955 డిసెంబరులో నాగార్జునసాగరుకు పునాదిరాయి పడిన నాడు డోపమీన్‌కు మెదడులో ఇంత పని ఉన్నదని లోకానికి తెలియదు. 1967 ఆగస్టులో ఆ ప్రాజెక్టు కాలువలకు నీరు వదలిన నాటికి స్కిజోఫ్రీనియాకు కారణం డోపమీన్ అధికం కావటమేనన్న ఊహ రూపుదిద్దుకొంటున్నది. పది పన్నెండేండ్లలో వచ్చిన మార్పు ఇది.

ఐతే ఒక చిక్కు మిగిలినది. డోపమీన్‌ను అడ్డగించే మందులతో వినిపించే మాటలు తగ్గినవి, నమ్మకాల తీవ్రత తగ్గినది. ఆసుపత్రులనుంచి వేలమంది ఇండ్లకు చేరినారు. కాని ఇంటికి చేరినవారిలో చాలమంది చదువు కొనసాగించలేకపోయినారు. క్రేపెలిన్ చూచిన లోపం అట్లాగే ఉన్నది.

తిరిగి లలాట ఖండానికి

1974లో స్వీడను శాస్త్రజ్ఞులు డేవిడ్ ఇంగ్వార్, ఫ్రాన్‌జేన్ ఒక కొత్త పద్ధతిలో ఈ ప్రశ్నను చేపట్టినారు. రేడియోధార్మికత గల జినాన్ వాయువును అతి స్వల్పంగా రక్తంలోకి పంపి, మెదడులో ఏ భాగానికి రక్తం ఎంత పోతున్నదో కొలిచినారు. పనిచేసే భాగానికి రక్తం ఎక్కువ పోతుంది. ఆరోగ్యవంతులలో విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడ లలాట ఖండానికి ఎక్కువ రక్తం పోతుండగా, దీర్ఘకాలం వ్యాధితో ఉన్నవారిలో ఆ ఆధిక్యం కనబడలేదు.

1986లో అమెరికాలో డేనియల్ వైన్‌బర్గర్ బృందం ఇంకొక మెట్టు ఎక్కినది. రంగు, ఆకారం, సంఖ్య అనే మూడు గుణాలున్న ముక్కలను ఒక నియమం ప్రకారం వేరుచేసే ఆటను రోగుల చేత ఆడించినారు. నియమాన్ని నోటితో చెప్పరు. తప్పొప్పులు మాత్రం చెబుతారు. కొంతసేపటికి చెప్పకుండానే నియమాన్ని మారుస్తారు. ఆరోగ్యవంతులలో ఈ ఆట ఆడేటప్పుడు లలాట ఖండపు ముందుభాగానికి రక్తప్రసారం పెరిగినది. రోగులలో అంతగా పెరగలేదు. పాత నియమాన్ని విడవలేక వారు అదే తప్పును మరల మరల చేసినారు. ఇది మొండితనం కాదు. నియమాన్ని మార్చుకోవలసిన చోట మెదడుకు చాలినంత ఊతం అందటం లేదన్న మాట.

1992లో సోహీ పార్క్, ఫిలిప్ హోల్జ్‌మన్ అనేవారు జాకబ్‌సెన్ పరీక్ష వంటిదానినే మనుష్యులకు పెట్టినారు. ఒక చుక్కను చూపి, దానిని తీసివేసి, కొన్ని సెకండ్ల తరువాత అది ఉన్న చోటికి చూపు త్రిప్పమన్నారు. చుక్క కంటి ఎదుట ఉన్నప్పుడు రోగులకు ఇబ్బంది లేదు. తీసివేసినప్పుడే పొరబడినారు. కోతికి పెట్టిన పరీక్ష యాభై ఏండ్లకు పైగా గడచిన తరువాత మనిషి వ్యాధిని అర్థం చేసుకోవటానికి ఉపయోగపడినది.

జ్ఞాపకాన్ని నిలిపే వలయం

జ్ఞాపకం నిలవటమంటే మెదడులో ఏమి జరుగుతున్నట్లు? 1971లో హోకిన్ ఫుస్టర్, అలెగ్జాండర్ అనేవారు కోతి లలాట ఖండంలోని నాడీకణాల విద్యుత్స్పందనలను నమోదు చేసినారు. తెర దించిన తరువాత, కంటికి ఏమీ కనపడని ఆ వ్యవధిలో కూడ కొన్ని కణాలు స్పందిస్తూనే ఉన్నవి. అదే సంవత్సరం జపానులో కుబోతా, నికి అనేవారు కూడ ఇట్లాంటి ఫలితమే పొందినారు.

ఈ సూత్రాన్ని పట్టుకొని వలయాన్ని సవివరంగా చూపినది పట్రీషియా గోల్డ్‌మన్-రాకిచ్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు. ఆమె చెప్పిన చిత్రం ఇది. మెదడు పైపొరలో గోపురాకారపు నాడీకణాలు ఒకదానినొకటి ప్రేరేపించుకొంటూ ఉంటవి. ఒక సంగతి కంటినుంచి మరుగైనా ఆ పరస్పర ప్రేరణ వలన స్పందన ఆరిపోకుండ తిరుగుతూ ఉంటుంది. ఇందుకు తోడ్పడే ప్రసారకం గ్లూటమేట్. ఐతే ప్రేరణ ఒక్కటే ఉంటే కణాలన్నీ ఒక్కసారిగా చెలరేగి సంగతులు కలగాపులగమవుతవి. కాబట్టి నడుమ చిన్న కణాలు కొన్ని ఉన్నవి. ఇవి గాబా అనే ప్రసారకంతో అక్కరలేని కణాలను అణచి, అక్కరైనవాటిని వరుసగా స్పందింపజేస్తవి. సెకండుకు సుమారు 30 నుంచి 80 సార్ల వరకు లేచే విద్యుత్తరంగాలు ఈ క్రమానికి గుర్తు.

నల్లగొండ జిల్లాలో హాలియా ప్రాంతపు విద్యార్థులకు దీనిని గ్రహించటం సులభం. సాగరు ఎడమ కాలువనుంచి పంటకాలువలు, వాటినుంచి పిల్లకాలువలు, తూములు పొలాలకు నీరు పంచుతవి. చివరి పొలం ఎండితే జలాశయంలో నీరు తక్కువని అనుకోవచ్చును. కాని నీరు నిండుగా ఉన్నా, తూము సరిగా మూతపడకపోయినా, ఎవరి వంతు ఎప్పుడన్న క్రమం తప్పినా చివరి పొలం ఎండుతుంది. పై పొలంలో మాత్రం నీరు పొరలిపోతుంది. జలాశయం ఎత్తు తగ్గిస్తే పై పొలపు ముంపు తగ్గవచ్చును గాని చివరి పొలానికి నీరు రాదు. డోపమీన్ మందుల సంగతి కొంతవరకు ఇట్లాంటిదే.

దీనికి సాక్ష్యాలు కొన్ని ఉన్నవి. 1979లో గోల్డ్‌మన్-రాకిచ్, ఆమె సహచరులు కోతి లలాట ఖండపు పైపొరలో డోపమీన్‌ను తీసివేసి చూచినారు. ఆ భాగాన్నే కోసివేసినంతగా పనిజ్ఞాపకం దెబ్బతిన్నది. అనగా మెదడు లోతట్టు భాగాలలో డోపమీన్ అధికమై మాటలు వినిపిస్తుండగా, లలాట ఖండంలో అదే డోపమీన్ చాలక ఆలోచన సడలవచ్చును. 2000లో ఆమె బృందమే మరొక సంగతి చూపినది. హాలోపెరిడాల్ అనే మందును నెలల తరబడి ఇచ్చిన కోతులలో పనిజ్ఞాపకం తగ్గినది. మరొక రకపు డోపమీన్ గ్రాహకాన్ని ప్రేరేపించగా తిరిగి మెరుగుపడినది.

చిన్న కణాల విషయం చూడండి. స్కిజోఫ్రీనియాతో జీవించి మరణించినవారి మెదళ్ళను పరిశీలించగా, లలాట ఖండంలో గాబాను తయారుచేసే ఎంజైము తగ్గి ఉన్నట్లు 1995 నుంచి పలు ప్రయోగశాలలు చూపినవి. గోపురకణాల శాఖలపై వార్తలు అందుకొనే సన్నని ముళ్ళు తక్కువగా ఉన్నవని 2000లో గ్లాంజ్, డేవిడ్ లూయిస్ ప్రకటించినారు. గ్లూటమేట్ గ్రాహకాలలో ఒక రకాన్ని అడ్డగించే కెటమిన్ మందును 1994లో ఆరోగ్యవంతులకు స్వల్పంగా ఇవ్వగా, కొద్దిసేపు వారిలో కూడ ఆలోచన, జ్ఞాపకం సడలినవి.

ఈ వలయం లలాట ఖండంతో ముగియదు. ఇంద్రియాల వార్తలను పైకి పంపే థాలమస్‌తోను, మెదడు వెనుకభాగంలోని అనుమస్తిష్కంతోను దానికి రాకపోకలు ఉన్నవి. అనుమస్తిష్కం నడకకు, చేతి కదలికకు క్రమం ఇచ్చినట్లే తలపులకు కూడ క్రమం ఇస్తుందని నాన్సీ ఆండ్రియాసెన్ 1990లలో వాదించినది. తరువాతి చిత్రణలలో రోగుల థాలమస్‌కు లలాట ఖండంతో సంబంధం సన్నగిల్లి, ఇంద్రియ ప్రాంతాలతో అధికమైనట్లు కనబడినది. ఏ ఒక్క చోటనో గాయం లేదు. చోట్ల మధ్య పొందిక తప్పినది. బ్లాయిలర్ పెట్టిన పేరు ఈ విధంగా సార్థకమైనది.

చదువుల వయస్సులోనే ఎందుకు?

బాల్యంలో మెదడులో నాడీసంధులు అవసరాన్ని మించి ఏర్పడుతవి. యౌవనంలో వాడుకలో లేనివి క్రమంగా తొలగిపోతవి. లలాట ఖండంలో ఈ పని ఆలస్యంగా, ఇరవై ఏండ్లు దాటేవరకు సాగుతుంది. ఈ ఏరివేత మితిమీరితే స్కిజోఫ్రీనియా కలుగవచ్చునని ఇర్విన్ ఫైన్‌బర్గ్ 1982లో ఊహించినాడు. 2016లో హార్వర్డు శాస్త్రజ్ఞులు సి4 అనే జన్యువులోని కొన్ని రూపాలు వ్యాధి అవకాశాన్ని కొద్దిగా పెంచుతున్నవని, ఎలుకలలో ఆ జన్యువుకు నాడీసంధుల ఏరివేతలో పాత్ర ఉన్నదని చూపినారు. వంశపారంపర్యంలో పాలుపంచుకొనే జన్యువులు వందలు ఉన్నవి. ఇది వాటిలో ఒకటి మాత్రమే. తల్లిదండ్రుల పెంపకం చెడి ఈ వ్యాధి వచ్చినదనే పాత నిందకు శాస్త్రంలో ఆధారం లేదు.

న్యూజీలండులోని డునీడిన్ నగరంలో 1972-73లో పుట్టిన సుమారు వేయిమంది పిల్లలను శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చినారు. పెద్దయిన తరువాత స్కిజోఫ్రీనియా వచ్చిన కొద్దిమందిలో, మాటలు వినిపించటానికి చాల ఏండ్ల ముందే, పనిజ్ఞాపకం, ఆలోచనావేగం తోటివారితో సమంగా పెరగలేదని తేలినది.

చికిత్స ఎంతవరకు వచ్చినది?

పనిజ్ఞాపకానికి నేరుగా ఉపయోగపడే మందుకొరకు చేసిన ప్రయత్నాలు చాలవరకు నిరాశ కలిగించినవి. గ్లూటమేట్ వలయాన్ని బలపరచగలదని ఆశపడిన ఐక్లెపర్టిన్ 2025 ఆరంభంలో వెలువడిన పెద్ద పరీక్షల ఫలితాలలో నెగ్గలేదు. 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందిన జనోమెలిన్-ట్రోస్పియం మాత్రం ఒక కొత్త మార్గం. ఇది డోపమీన్ గ్రాహకాలను అడ్డగించకుండ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. ఆలోచనాలోపానికి ఇది ఎంత మేలుచేస్తుందో ఇంకా తేలవలసి ఉన్నది. నేడు తగినంత ఆధారమున్న చికిత్స అభ్యాసమే. జ్ఞాపకానికి, ఏకాగ్రతకు క్రమబద్ధంగా సాధన చేయించి, దానిని నిజమైన పనితోను చదువుతోను జతపరిస్తే ఓ మోస్తరు మేలు కలుగుతున్నదని పలు పరీక్షలు చూపినవి.

నిరాశపడనక్కరలేదని మద్రాసు అనుభవం చెబుతున్నది. 1981లో వ్యాధి కొత్తగా మొదలైన 90 మంది రోగులను అక్కడి వైద్యులు ఏండ్ల తరబడి గమనించినారు. పదేండ్ల తరువాత చాలమందిలో లక్షణాలు తగ్గి ఉన్నవి. క్రేపెలిన్ భయపడినంతగా ఈ వ్యాధి అందరినీ క్షీణింపజేయదు.

ఉపాధ్యాయులకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది. మార్కులు తగ్గిన ప్రతి విద్యార్థికీ ఈ వ్యాధి ఉన్నదనుకోవటం పెద్ద తప్పు. అత్యధికులలో కారణాలు వేరు. వ్యాధి నిర్ణయం ఉపాధ్యాయుని పని కాదు. కాని బాగా చదువుతున్న బాలుడో బాలికయో కొన్ని నెలలలో వెనుకబడి, స్నేహితులకు దూరమై, నిద్ర తప్పి, పొంతన లేకుండ మాట్లాడుతున్నప్పుడు దానిని సోమరితనమని దండించటమో, గాలి సోకినదని ఇంటివారిని తిప్పి పంపటమో తగదు. జిల్లా ఆసుపత్రిలోని మనోవైద్యుని చూపించమని తల్లిదండ్రులకు నచ్చచెప్పాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ-మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనే సలహా లభిస్తుంది. చికిత్స మొదలుకావటానికి పట్టే కాలం తగ్గినకొద్దీ ఫలితం మెరుగుగా ఉంటుందన్నది అనేక పరిశీలనలలో తేలిన విషయం.

చికిత్స పొంది తరగతికి తిరిగివచ్చిన విద్యార్థికి కావలసినవి పెద్ద సౌకర్యాలు కావు. చెప్పిన సంగతిని నల్లబల్లపై వ్రాసి ఉంచటం, ఒకేసారి నాలుగు పనులు చెప్పక ఒక్కొక్కటి చెప్పటం, పరీక్షలో మరికొంత వ్యవధి ఇవ్వటం, మరచిపోయినప్పుడు నలుగురిలో నవ్వకపోవటం చాలును. మనస్సులోని పలక చిన్నదైనవానికి బయటి పలక తోడు కావాలి. ఆ తోడు ఇవ్వటానికి శాస్త్రం పూర్తయ్యేవరకు వేచి ఉండనక్కరలేదు.